మావాడు మార్నింగ్ షోకి రావడం మానేశాడు!

సినిమాల్లో మత్తుమందు అలవాటున్న పాత్రని గుర్తుపట్టడం బహు తేలిక. ఎర్రటి కళ్ళు, రేగిన జుట్టు, తూలే నడక, చుట్టూ పొగ, వెనకాల గిటార్ మోత! కెమెరా కాస్త అటూ ఇటూ ఊగిందంటే చాలు, నేల టికెట్ వాడిక్కూడా సంగతి బోధపడిపోతుంది.

కానీ నా పక్క మంచం మీద పడుకునేవాడు మత్తుకి బానిసవుతుంటే నాకు ఎనిమిది నెలలు బోధపడలేదంటే నమ్ముతారా?

కాలేజీ రోజుల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. మావాడికి సినిమా అంటే ప్రాణం. కొత్త బొమ్మ పడిందంటే మార్నింగ్ షోకి హాజరు కావలసిందే. టైటిల్స్ తప్పిపోతే రోజంతా మూతి ముడుచుకునేవాడు. అలాంటివాడు ఓ శుక్రవారం "తలనొప్పిరా, నువ్వెళ్ళు" అన్నాడు. మరో శుక్రవారం "డబ్బుల్లేవురా" అన్నాడు. మూడోసారి నేనే పిలవడం మానేశాను.

ప్రాణప్రదమైన సరదా మీద మనసు విరిగిపోవడం... అదే మొదటి సూచన!

ఆ తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర. ఇంటి నుంచి డబ్బొచ్చిన వారానికే చేబదుళ్ళు. చేతి గడియారం మాయం. పాత స్నేహితులు దూరమై, పేరైనా చెప్పని కొత్తవాళ్ళు దగ్గరయ్యారు. ఏమైనా అడిగితే అరుపు, మరుక్షణం ఏడుపు. మనిషి సగమయ్యాడు. మండుటెండల్లో పొడుగు చేతుల చొక్కా! అదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నాను, సూదిపోట్లు దాచడానికని తెలియక.

కళ్ళు కూడా కథ చెబుతాయి. గంజాయికి ఎర్రబడతాయి. హెరాయిన్ లాంటి వాటికి కంటిపాప గుండుసూది తలంత అవుతుంది. కొకైన్ వంటి వాటికి బాగా పెద్దదవుతుంది. అయితే ఒక్క గుర్తు చూసి ఎవరి మీదా ముద్ర వేయకండి. పరీక్షల బెంగకీ నిద్ర పట్టదు, మనోవ్యాధికీ మనిషి చిక్కిపోతాడు. నాలుగైదు మార్పులు కలిసి వచ్చి, వారాల తరబడి నిలిచాయా... అప్పుడు ఆలోచించాలి.

1971లో దేవానంద్ తీసిన 'హరే రామ హరే కృష్ణ' గుర్తుందా? పాట అందరికీ జ్ఞాపకమే. కానీ జీనత్ అమన్ పాత్ర కథ ఖాట్మండూ పొగలో మొదలు కాలేదు. అమ్మానాన్నలు విడిపోయిన ఇంట్లో మొదలైంది. మనం చూడవలసిన రీలు అదన్నమాట!

నేను చేసిన తప్పు

తెలిసిన రోజున నేనేం చేశానో చెప్పనా? జేబులు వెతికి, నలుగురిలో నిలదీశాను. డైలాగులు దంచేశాను. మావాడు రెండు రోజులు గదికే రాలేదు.

మూడో రోజు వచ్చాడు. మత్తు దిగి ఉన్నాడు. ఈసారి టీ ఇచ్చి, "నువ్వు లేకపోతే సినిమా చూడబుద్ధి కావట్లేదురా. ఏమైంది?" అన్నాను. చాలాసేపు పలకలేదు. తర్వాత అంతా చెప్పాడు. మర్నాడే ఆస్పత్రికి వెళ్ళాం.

సంజయ్ దత్ అంతటివాడే తన అలవాటు గురించి దాచకుండా చెప్పుకున్నాడు, అమెరికా వెళ్ళి చికిత్స పొందాడు. సాయం అడగడం నామోషీ కాదు సుమండీ! 14446కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. పోలీసులంటే భయమా? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే, కొద్దిపాటి మోతాదుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి సిద్ధపడి పూర్తి చేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. ఒకవేళ మనిషి లేపినా లేవక, ఊపిరి మందగించి, పెదవులు నీలంగా మారితే మాత్రం క్షణం ఆగకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి.

మావాడు ఒక్కసారితో బాగుపడలేదు. మధ్యలో ఒకసారి జారిపడ్డాడు, మళ్ళీ చికిత్సకి వెళ్ళాడు. అదీ సినిమాలో చూపించరు.

మొన్న గురువారం రాత్రి ఫోన్ మోగింది.

"ఒరేయ్, రేపటి మార్నింగ్ షోకి రెండు టికెట్లు తీశాను. టైటిల్స్ పడకముందే తగలడు!"

ఇంతకంటే మంచి డైలాగు నేనింతవరకూ ఏ సినిమాలోనూ వినలేదు.