అడ్డపొగ, గులాబీ రిబ్బను

మా పెద్దమ్మ చుట్ట కాల్చే తీరు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంటుంది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊరు మాది. మధ్యాహ్నం చేపల బేరం ముగించుకొచ్చి అరుగు మీద చతికిలబడేది. చుట్ట వెలిగించి, రెండు దమ్ములు లాగి, నిప్పు బాగా రాజుకున్నాక దాన్ని తిప్పి నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. నిప్పూ, పొగా, నుసీ అన్నీ లోపలే. చిన్నప్పుడు భయమేసి ఎందుకలా అని అడిగితే, "గాలికారిపోదురా, సంకలో పిల్లడి మీద నుసి పడదు" అనేది. మా వైపు దీన్నే అడ్డపొగ అంటారు.

చివరి రోజుల్లో ఆమె అన్నం మింగలేక గంజి మీద బతికింది. అంగిలి మీద పుండు. అదెప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు. అన్నేళ్ళలో ఆమెను నోరు తెరవమని అడిగి లోపలికి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

చూసి ఉంటే కనబడేదే. లోపల కాలే చుట్ట వేడికీ పొగకీ అంగిలి మొదట తెల్లగా పాలిపోతుంది. ఆ తెలుపులో ఆవగింజల్లాంటి ఎర్రచుక్కలు తేలతాయి. లాలాజలం ఊరే చిన్నచిన్న గ్రంథుల నోళ్ళు వాచి అలా కనిపిస్తాయన్నమాట. కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడక్కడా పై పొర చెడి ఎర్రటి మచ్చలు పడతాయి. క్యాన్సర్ పుండు అలాంటి చోటే లేవొచ్చు. ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, భారతీయ వైద్యులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ఆ వివరాలు అచ్చువేశారు. అప్పటికి నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగేవారే, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. అంటే మా పెద్దమ్మ అంగిలికి ఏం జరగబోతోందో ప్రపంచానికి ముందే తెలుసు. తెలియనిది ఆమెకే.

ఏటా అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పడానికి చార్మినార్‌కు గులాబీరంగు దీపాలు వేసినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఆ వెలుగంటే నాకు గౌరవం. మన దేశపు ఆడవాళ్ళకు ఎక్కువగా వస్తున్నది రొమ్ము క్యాన్సరే. 2022 అంచనాల ప్రకారం ఏడాదికి 1.92 లక్షల కొత్త కేసులు, 98 వేల మరణాలు. దాని గురించి ఎంత మాట్లాడినా ఎక్కువ కాదు. అయితే ఒక జబ్బుకు ఇంత గొంతు ఎలా వచ్చింది, పక్కనున్న జబ్బుకు ఎందుకు రాలేదు అన్నది తెలుసుకోవాల్సిన విషయం. ఆ గొంతును ఎవరూ ఊరికే ఇవ్వలేదు. ఆడవాళ్ళు పోరాడి తెచ్చుకున్నారు.

యాభై ఏళ్ళ క్రితం అమెరికాలో సైతం ఆ జబ్బు పేరు నలుగురిలో పైకి అనేవారు కాదు. గడ్డను పరీక్షిస్తామని మత్తిచ్చి, క్యాన్సరని తేలితే అదే మత్తులో రొమ్ము మొత్తం తీసేసేవారు. మెలకువ వచ్చాక తడుముకుంటే గానీ తనకేం జరిగిందో ఆమెకు తెలిసేది కాదు. 1974 సెప్టెంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ భార్య బెట్టీ ఫోర్డ్‌కు ఆ ఆపరేషన్ జరిగింది. ఆమె దాచిపెట్టలేదు. జబ్బు పేరుతో సహా లోకానికి చెప్పించింది. కొన్ని వారాలకే, ఉపాధ్యక్షుడు కాబోతున్న నెల్సన్ రాక్‌ఫెల్లర్ భార్యకూ అదే జబ్బని బయటపడింది. పరీక్షలకు ఆడవాళ్ళు బారులు తీరారు. ఆ ఏడాది లెక్కల్లో రొమ్ము క్యాన్సర్ కేసులు ఉన్నట్టుండి పెరిగాయి. కొత్తగా పుట్టుకొచ్చినవి కావవి, అప్పటిదాకా కనబడకుండా ఉన్నవి. అదే సంవత్సరం రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలికీ ఈ జబ్బు వచ్చింది. పరీక్ష వేరు, ఆపరేషన్ వేరు, మధ్యలో నన్ను అడగాలి అని ఆమె పట్టుబట్టింది, తర్వాత ఏళ్ళ తరబడి అందరి తరఫునా వాదించింది. మత్తులోనే తేల్చేసే పద్ధతి మెల్లగా మూలపడింది.

రిబ్బను కథ ఆ తర్వాతది. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే పెద్దావిడ ఇంట్లో కూర్చుని పీచ్ పండు రంగు రిబ్బన్లు కత్తిరించేది. ఆమె అవ్వ, తోబుట్టువు, కూతురు ముగ్గురూ ఈ జబ్బు పడ్డవాళ్ళే. క్యాన్సర్ పరిశోధనకు పెట్టే డబ్బులో నివారణకు దక్కేది నామమాత్రమేనని ఒక కార్డు మీద అచ్చువేయించి, రిబ్బన్లతో కలిపి పంచేది. ఒక పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ ఆ రిబ్బన్ను వాడుకుంటామని వస్తే, ఇది వ్యాపారం కాకూడదని ఒప్పుకోలేదు. వాళ్ళు లాయర్ల సలహాతో రంగు మార్చారు. 1992లో గులాబీ రిబ్బను అలా పుట్టింది. దేశమంతా పాకింది గానీ నివారణ గురించి హేలీ రాసిన మాట మాత్రం దాని వెంట రాలేదు. నన్నడిగితే ఈ కథలో అసలు నష్టం అదే.

అదే ఏడాది ఆడవాళ్ళ సంఘాలు రాజధానికి వెళ్ళి, రక్షణ శాఖ బడ్జెట్ నుంచి రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు 21 కోట్ల డాలర్లు రాబట్టాయి. ముందే కనిపెట్టడం వల్లా, మెరుగైన మందుల వల్లా 1989తో పోలిస్తే అమెరికాలో ఈ జబ్బు మరణాల రేటు 40 శాతానికి పైగా తగ్గింది. ఇదంతా అడిగి సాధించుకున్నది.

మరి మిగతా క్యాన్సర్ల తరఫున ఎవరూ ఎందుకు అడగలేదు? 1987 నుంచీ అమెరికా ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ కంటే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతున్నవాళ్ళే ఎక్కువ. 2024 అంచనాల్లో ఒకటి 42 వేలు, రెండోది 59 వేలు. కానీ అదే ఏటి ఇంకో లెక్క చూడండి. అక్కడ రొమ్ము క్యాన్సర్ అని తేలిన నూరుమందిలో 91 మంది అయిదేళ్ళ తర్వాత కూడా ఉంటున్నారు. ఊపిరితిత్తులదైతే పాతిక మంది. క్లోమానిదైతే 13 మంది. ఊరేగింపుకు రావాలన్నా, శాసనసభ్యుడి ముందు కూర్చుని వాదించాలన్నా మనిషి బతికుండాలి. చంపడంలో ముందున్న జబ్బుకు సాక్షులే మిగలరు. పైగా ఊపిరితిత్తుల రోగిని జనం మొదట అడిగేది "సిగరెట్లు తాగేవాడా?" అని. ఆ ప్రశ్నతో సగం సానుభూతి ఆవిరైపోతుంది. ఎన్నడూ పొగ ముట్టనివాళ్ళకూ ఆ జబ్బు వస్తుందన్నది ఎవరికీ గుర్తుండదు.

తమకోసం తాము మాట్లాడలేనివాళ్ళ తరఫున మరొకరు మాట్లాడిన సందర్భం ఒకటుంది. దానితో మనకు చుట్టరికం కూడా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో అమినాప్టెరిన్ అనే మందు తయారైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గుతోందని 1948లో ప్రకటించాడు. అప్పటిదాకా ఆ పిల్లల విషయంలో డాక్టర్లు చేతులెత్తేసేవారు. ఆ మే నెలలోనే ఫార్బర్ దగ్గరున్న ఒక క్యాన్సర్ పిల్లవాణ్ణి అసలు పేరు దాచి, 'జిమ్మీ' అని పిలిచి, ఆసుపత్రి మంచం మీంచే రేడియోలో మాట్లాడించారు. దేశం నలుమూలల నుంచీ రెండు లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చిపడ్డాయి. ల్యుకేమియా పిల్లలకు ఆనాడు గొంతు లేదు, బతికి బయటపడ్డవాళ్ళు అసలే లేరు. అయినా వినిపించారు.

మన దగ్గర అలా వినిపించాల్సినవి నా లెక్కలో రెండున్నాయి. ఒకటి నోటి క్యాన్సర్. 2022లో దేశంలో 1.43 లక్షల కొత్త కేసులు, 80 వేల మరణాలు. రెండోది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 1.27 లక్షల కేసులు, మళ్ళీ 80 వేల మరణాలు. వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ ఎంత తక్కువ తేడానో చూడండి. నోటిదానికి గుట్కా, ఖైనీ, చుట్ట తోడయ్యాయి కనుక "చేజేతులా తెచ్చుకున్నాడు" అంటాం. రెండోదాన్ని "ఆడవాళ్ళ జబ్బు" అని గొంతు తగ్గించి, అక్కడితో మాట తెంచేస్తాం.

నాకు బాధనిపించేదేమిటంటే, క్యాన్సర్ కాకముందే పట్టుకోవడానికి వీలైన జబ్బులివి. నోటికి వెలుతురు చాలు. గర్భాశయ ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ యాసిడ్ అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్నచోటు తెల్లగా తేలుతుంది. ముంబయి మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో టాటా మెమోరియల్ వైద్యులు ఏళ్ళ తరబడి సాగించిన అధ్యయనంలో, డాక్టర్లు కాని, శిక్షణ పొందిన స్థానిక మహిళలే ఈ పరీక్ష చేశారు. పరీక్ష చేసిన వాడల్లో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. కేరళలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు చూస్తే, పొగాకో మద్యమో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ నోరు, ఆడవాళ్ళకు దానితోపాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను ఎప్పుడైనా ఒక్కసారి పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, అవునన్నవాళ్ళు ముఖద్వారానికి నూటికి 1.9, నోటికి 0.9, రొమ్ముకు 0.9. గులాబీ రంగు వచ్చిన జబ్బుకూ రంగు రాని జబ్బుకూ మన ఊళ్ళలో తేడా ఏమీ లేదు. దీపాలు వేసిన చార్మినార్‌కూ మా ఊరి అరుగుకూ మధ్య దూరం అంత ఉంది.

మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు ఆ అరుగు మీదే పెద్దమ్మ కూతురు కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. తల్లి అలవాటే. ఆశా కార్యకర్త కాగితాలు పట్టుకొచ్చి, "నోరు తెరువు పిన్నీ" అంది. అక్క చుట్ట పక్కన పెట్టి, సిగ్గుపడుతూ తెరిచింది. ఫోన్ టార్చి వెలుగులో నేనూ వంగి చూశాను. అంగిలంతా తెల్లగా ఉంది, మధ్యలో ఎర్రచుక్కలు. పుండు లేదు. ఆశా ఆ సంగతి రాసుకుని, మర్నాడు పీహెచ్‌సీకి రమ్మంది.

"ఇది పోద్దేటమ్మా?" అని అక్క అడిగింది.

చుట్ట మానేస్తే చాలావరకు తగ్గుతుందని ఆ అమ్మాయి చెప్పింది. అక్క చాలాసేపు నాలుకతో అంగిలి తడుముకుంటూ కూర్చుంది.