సంతానప్రాప్తి – ఆహారము, అలవాట్లు

పెండ్లియై రెండేండ్లు గడచినను ఇంటిలో ఉయ్యాల ఊగకున్నచో ఇరుగుపొరుగువారి చూపులు మొదట కోడలిమీదనే పడును. ఆమెచే మ్రొక్కులు మ్రొక్కించుట, ఎవరో చెప్పిన పసరులు మ్రింగించుట, ఆ పైన భర్తకు మారుమనువు తలపెట్టుట మనమందరము వినుచున్న విషయములే. భర్తను కూడ పరీక్ష చేయించుకొమ్మని అడుగువారు అరుదు. కాని శాస్త్రము చెప్పునది వేరు. సంతానము కలుగని దంపతులలో ఇంచుమించు సగము సందర్భములలో లోపము పూర్తిగా గాని, కొంతవరకు గాని పురుషునియందే ఉండును. ప్రపంచములో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురగుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. ఇంత విస్తారమైన విషయములో ఆహారము, అలవాట్లు ఎంతవరకు తోడ్పడునో, ఎక్కడ తోడ్పడజాలవో పరిశీలింతము.

అండము – దాని ఆయువు

ఆడశిశువు పుట్టునప్పటికే ఆమె అండాశయములలో పది నుండి ఇరువది లక్షల అపరిపక్వాండములు ఉండును. ఆ తరువాత క్రొత్తవి చేరవు. యుక్తవయస్సు వచ్చుసరికి మూడు నాలుగు లక్షలు మాత్రమే మిగులును. వీటిలో పక్వమై వెలువడునవి జీవితకాలములో సుమారు 400 మాత్రమే. వెలువడిన అండము ఒక్క దినమునకు మించి జీవింపదు. శుక్రకణములో, స్త్రీ శరీరములో ఐదు దినముల వరకు జీవింపగలవు. కావున గర్భధారణకు అనుకూలమైనవి అండము వెలువడు దినమును, దానికి ముందున్న ఐదు దినములును, వెరసి ఆరు దినములు. అమెరికాలో 221 మంది స్త్రీలను పరిశీలించి 1995లో విల్‌కాక్స్, ఆయన సహచరులు ఈ సంగతిని స్పష్టపరచిరి.

అండము సాధారణముగా రాబోవు ఋతుస్రావమునకు సుమారు 14 దినముల ముందు వెలువడును. ఋతుచక్రము 28 దినములైనచో 14వ దినము, 32 దినములైనచో 18వ దినము అగును. చక్రము సక్రమముగా లేనివారికి ఈ లెక్క సరిపడదు. లోపమేదియు లేకున్నను, ఈ దినములు తెలియకపోవుటచే నెలలు వ్యర్థముగా గడుపువారు కలరు.

శుక్రకణములు – వేడిమి

పురుషునిలో శుక్రకణములు నిత్యము తయారగుచుండును. ఒక్కొక్క కణము రూపొందుటకు సుమారు 74 దినములు పట్టును. ఈ పని శరీరపు వేడిమికంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉష్ణోగ్రతలోనే చక్కగా సాగును. అందుచేతనే వృషణములు ఉదరకుహరమునకు వెలుపల అమర్చబడినవి. కొలిమి, బాయిలరు వంటి తావులలో దీర్ఘకాలము పనిచేయుట, వేడినీటి తొట్టిలో తరచు కూర్చుండుట, తీవ్రమైన జ్వరము – ఇవి శుక్రకణముల సంఖ్యను తగ్గింపగలవు. పొగాకును త్రాగినను, నమలినను ఇట్టి హానియే కలుగును. అతిగా మద్యము సేవించుట కూడ అట్టిదే. కండలు పెరుగుటకని కొందరు యువకులు తీసికొను హార్మోను సూదిమందులు మరింత ప్రమాదకరములు. హార్మోను బయటినుండి వచ్చినప్పుడు మెదడు వృషణములకు పంపు ఆజ్ఞలను నిలిపివేయును. శుక్రకణముల తయారీ ఆగిపోవును.

ఇందొక ఆశాజనకమైన విషయము కలదు. 74 దినముల లెక్కను బట్టి చూచినచో, నేడు దురలవాటు మానినవాని శరీరములో సుమారు మూడు నెలలకు క్రొత్త కణములు సిద్ధమగును. మార్పు ఫలించినదో లేదో వారములో తేల్చుకొనరాదు.

దేహపు బరువు – మెదడు ఆజ్ఞ

మెదడులోని హైపొథాలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి ఒక హార్మోనును కొద్దికొద్దిగా విడుచుచుండును. దాని ప్రేరణచే పీయూషగ్రంథి అండాశయములను పని చేయించును. శరీరములో క్రొవ్వు మిక్కిలి తగ్గినచో ఈ స్పందనలు మందగించి, అండము వెలువడుట ఆగిపోవును. ఋతుచక్రము నడచుటకు కొంత క్రొవ్వు నిలువ అవసరమని 1974లో రోజ్ ఫ్రిష్, జేనెట్ మెకార్థర్ అను శాస్త్రజ్ఞులు సూచించిరి. క్రొవ్వు కణములు లెప్టిను అను హార్మోనుతో మెదడునకు వార్త పంపునని 1994 తరువాత తెలిసినది. కరవు కాలములో గర్భమును మోయుట తల్లికి ప్రాణాపాయము. శరీరము ముందుగానే జాగ్రత్తపడుచున్నదన్నమాట.

బరువు మితిమీరినను చిక్కే. అప్పుడు రక్తములో ఇన్సులిను హెచ్చును. దానిచే అండాశయములు పురుష హార్మోనులను అధికముగా తయారుచేయును. అండము పక్వము కాక నిలిచిపోవును. నేడు అనేక యువతులలో కనిపించు పి.సి.ఓ.ఎస్. అను స్థితిలో జరుగునది చాలవరకు ఇదియే. ఇట్టివారు తమ బరువులో నూటికి ఐదు నుండి పది పాళ్ళు తగ్గించుకొన్నను పలువురిలో ఋతుచక్రము సర్దుకొనును. 70 కిలోల బరువుగల స్త్రీకి ఇది మూడున్నర నుండి ఏడు కిలోలు మాత్రమే.

విద్యార్థులు ఒక లెక్క చేయవచ్చును. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గముచే భాగింపుడు. వయోజనులలో ఫలితము 18.5కు తగ్గినచో బరువు చాలదు. భారతీయులకు 23 దాటినచో అధికమని వైద్యులు పరిగణింతురు.

భోజనము

అమెరికాలో 17,544 మంది నర్సులను ఎనిమిదేండ్లు పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితములు ఆసక్తికరములు. పప్పుదినుసుల వంటి శాకసంబంధమైన మాంసకృత్తులు, మెల్లగా జీర్ణమగు ధాన్యములు, ఇనుము, విటమినులు తగినంత తీసికొని, ట్రాన్స్ క్రొవ్వులను తగ్గించినవారిలో అండము వెలువడకపోవు దోషము తక్కువగా కనిపించినది. ఇది పరిశీలనయే గాని ప్రయోగము కాదు. ఆహారమే ఏకైక కారణమని దీనినిబట్టి రుజువు కాదు. అయినను కందిపప్పు, పెసలు, రాగి, జొన్న, ఆకుకూరలు గల మన భోజనము ఈ వరుసకు దగ్గరగా ఉన్నది. ముతక ధాన్యము కొంత పెంచి, తెల్ల అన్నము, వనస్పతితో చేసిన మిఠాయిలు తగ్గించిన చాలును.

గర్భమును కోరు స్త్రీకి తప్పనిసరియైనది ఫోలిక్ ఆమ్లము. దీనిని కృత్రిమముగా తయారుచేసిన విషయమును 1945లో ప్రకటించిన లెడర్లీ ప్రయోగశాల బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. శిశువు మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళము గర్భము దాల్చిన 28 దినములలోనే మూసికొనును. అప్పటికి పలువురు తల్లులకు గర్భము సంగతియే తెలియదు. అందుచే గర్భమునకు కనీసము ఒక నెల ముందునుండి దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెనని వైద్యులు చెప్పుదురు.

అట్లని ప్రతి మాత్రయు ఫలించునని తలపరాదు. పురుషులకు ఫోలిక్ ఆమ్లము, జింకు ఇచ్చి 2,370 దంపతులపై జరిపిన ప్రయోగ ఫలితములు 2020లో వెలువడినవి. శుక్రకణములు మెరుగుపడలేదు, శిశుజననములును హెచ్చలేదు. పత్రికలలో ప్రకటింపబడు "వీర్యవృద్ధి" ఔషధములను ఈ దృష్టితో చూడవలెను.

ఆహారము చేయలేని పని

అండవాహికలు మూసికొనిపోయినచో ఏ ఆహారమును వాటిని తెరువజాలదు. మన దేశములో క్షయవ్యాధి కొందరు స్త్రీలలో ఈ వాహికలను పాడుచేయుచున్నది. శుక్రకణములు బొత్తిగా లేనిచో అలవాట్లు మార్చుకొన్నంత మాత్రమున చాలదు, కారణము వెదకవలెను. వయస్సును వెనుకకు మరల్చుట కూడ సాధ్యము కాదు. 35 ఏండ్లు దాటిన స్త్రీలో అండముల సంఖ్య, నాణ్యము త్వరితముగా తగ్గును. కాబట్టి ఒక సంవత్సరము ప్రయత్నించినను గర్భము నిలువనిచో, స్త్రీ వయస్సు 35 దాటినచో ఆరు నెలలకే, వైద్యుని సంప్రదింపవలెను. ఋతుచక్రము సక్రమముగా లేనివారు అంతవరకును ఆగరాదు. దంపతులిద్దరును కలిసి వెళ్ళవలెను. పురుషుని పరీక్ష సులభమైనది, ఖర్చు తక్కువ. దానిని మొదటనే చేయించుట మంచిది.

మన తరగతులలో పుష్పముల పరాగసంపర్కమును గూర్చి బోధించునప్పుడు కేసరములను, అండకోశమును సమానముగా వర్ణింతుము. కాయ కాయకున్న చెట్టును చూచి అండకోశమునే నిందింపము. మానవ ప్రత్యుత్పత్తి పాఠమును కూడ ఉపాధ్యాయులు ఇట్లే, సంకోచము లేక, ఇరుపక్షములు తెలియునట్లు బోధించినచో, నేటి విద్యార్థులు రేపు గృహస్థులైనప్పుడు ఏ ఇంటి కోడలును అకారణముగా కన్నీరు పెట్టవలసిన పని ఉండదు.