ఆసుపత్రి మంచం మీద షుగరు

మంగంపేట ముగ్గురాయి గనుల చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే తిరుపతి రుయాకో, స్విమ్స్‌కో, కడప రిమ్స్‌కో తీసుకుపోతారు. పోయేది కాలు విరిగో, గుండెనొప్పి వచ్చో; షుగరు సంగతి అడిగితే గానీ చెప్పరు. ఆసుపత్రిలో దాన్ని పట్టించుకోకపోవడం ఎంత తప్పో, పంతం పట్టి నూరుకు దించాలనుకోవడమూ అంతే తప్పు. తిండికీ ఇన్సులిన్‌కూ వేళ కుదర్చడమే అసలు వైద్యం. అందులో తోడున్నవాళ్ల పాత్ర చాలా పెద్దది.

"ఇంట్లో మాత్రలతో బాగానే ఉండె, ఇక్కడ సూదులెందుకు? మొదలుపెడితే జన్మంతా వేసుకోవాల్సిందే కదా!" అని బంధువులు భయపడతారు. ఒంటికి దెబ్బ తగిలినా, చీము పట్టినా కొన్ని హార్మోన్లు ఎగదన్ని షుగరును పెంచుతాయి. స్టెరాయిడ్లు ఇస్తే ఇంకా పెరుగుతుంది. ఆ సమయంలో కొన్ని మాత్రలు పనికిరావు. కిడ్నీలు దెబ్బతిన్నా, కొన్ని సందర్భాల్లో స్కానింగుకు రంగుమందు ఎక్కించాల్సి వచ్చినా మెట్‌ఫార్మిన్ ఆపుతారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి ముందే అనుకున్న ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే మానాలి. పస్తుతో కలిస్తే రక్తంలో ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ మోతాదునైతే పూటపూటకూ మార్చుకోవచ్చు. జబ్బు తగ్గాక చాలామంది మళ్లీ మాత్రలకే వస్తారు. ఎవరికి ఏది అవసరమో చేరినప్పుడు చేసే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు) పరీక్ష చాలావరకు చెబుతుంది.

మరి 170 ఉంటే డాక్టరు ఊరుకుంటాడేమి? ఈ ప్రశ్న మీద వైద్యలోకమే తర్జనభర్జన పడింది. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో ఐసీయూ రోగులకు షుగరును 110 లోపు ఉంచితే మరణాలు తగ్గాయి. దాంతో చాలాచోట్ల అదే బాట పట్టారు. 2009లో ఆరువేల మందికి పైగా రోగులతో జరిగిన నైస్-షుగర్ పరిశోధన దాన్ని తిరగరాసింది. గట్టిగా దించినవారిలో 27.5 శాతం, 180 లోపు ఉంచినవారిలో 24.9 శాతం చనిపోయారు. షుగరు ప్రమాదకరంగా పడిపోవడం మొదటివారిలో 6.8 శాతం, రెండోవారిలో 0.5 శాతమే. అందుకే ఇప్పుడు ఎక్కువమందికి 140-180 మధ్య ఉంటే చాలంటారు.

అలాగని పెరిగినప్పుడల్లా ఒక సూది పొడిచి చేతులు దులుపుకోవడమూ పనికిరాదు. 2007లో అమెరికాలో జరిగిన ర్యాబిట్-2 అధ్యయనంలో ఆ పద్ధతిలో 38 శాతం మందికే షుగరు 140 లోపుకు వచ్చింది. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌తో పాటు భోజనాల ముందు విడిగా ఇచ్చినవారిలో 66 శాతానికి వచ్చింది. అయితే సూది వేశాక అన్నం ఆలస్యమైతే ముప్పే. స్కానింగుకని పస్తుంచారా, వాంతి అయిందా, ఇంటినుంచి తెచ్చిన సంగటి రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశారా, సూదికి ముందే నర్సుకు చెప్పాలి. అది నర్సు పని కాదా అంటే నిజమే; కానీ వార్డు నిండా రోగులున్నప్పుడు ముద్ద లోపలికి పోయిందో లేదో కళ్లారా చూసేది తోడున్న మనిషే. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే పిలిచి పరీక్ష చేయించాలి. షుగరు 70 లోపుంటే, మింగగలిగే స్థితిలో ఉన్నవారికి 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూస్తారు. ఇంటినుంచి తెచ్చిన మాత్రల సంచి మాత్రం మొదటిరోజే డాక్టరుకు చూపాలి, చాటుగా ఒక్కటీ వేయకూడదు. డిశ్చార్జి చీటీలో వాటిలో ఏది మళ్లీ మొదలుపెట్టాలో, ఏది మానాలో రాయించుకున్నాకే బండెక్కాలి.