మాల్టా ట్రిప్: టీనేజ్ పిల్లలతో మధ్యధరా దీవికి ప్లాన్ చేస్తున్నారా? టికెట్ల కన్నా ముందు చూసుకోవాల్సినవి ఇవే..

పిల్లలు చిన్నప్పుడు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వచ్చేస్తారు. పద్నాలుగు, పదిహేడేళ్లు వచ్చాక లెక్క మారిపోతుంది. "ఎక్కడికి వెళ్తున్నాం నాన్నా?" అనే ప్రశ్న పోయి, "నేను కూడా రావాలా?" అనే ప్రశ్న వస్తుంది. ఇంకోపక్క ఇంటర్ అయిపోతే పెద్దవాళ్లు హాస్టల్‌కో, వేరే ఊరికో వెళ్లిపోతారు. నలుగురూ కలిసి వారం రోజులు గడిపే అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అందుకే చాలా కుటుంబాలు ఈ వయసులోనే ఒక పెద్ద ఫారిన్ ట్రిప్ పెట్టుకుంటాయి. లక్షలు ఖర్చయ్యే ఈ ట్రిప్‌లో తేడా వచ్చేది ఎక్కువగా రెండు చోట్ల.. ఒకటి వీసా పేపర్లు, రెండోది పిల్లల్ని అడక్కుండా వేసిన ప్లాన్.

మధ్యధరా సముద్రంలోని మాల్టాను ఉదాహరణగా తీసుకుని, ఈ రెండింటినీ ఎలా సరిచేసుకోవాలో చూద్దాం.

మాల్టానే ఎందుకు?

ఇటలీలోని సిసిలీకి దక్షిణంగా ఉన్న చిన్న దేశం ఇది. మాల్టా, గోజో, కొమినో.. ఈ మూడు దీవులూ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. అంటే పాత గ్రేటర్ హైదరాబాద్ విస్తీర్ణంలో సగం కూడా ఉండదు. ఒకే హోటల్‌లో దిగి వారం రోజుల్లో దేశమంతా తిరగొచ్చు. రోజుకో ఊరు మారుతూ సూట్‌కేసులు సర్దుకునే పని ఉండదు. టీనేజర్లు విసుక్కునేది ఎక్కువగా అక్కడే.

మాల్టీస్‌తో పాటు ఇంగ్లిష్ కూడా అక్కడ అధికార భాష. బోర్డులు, బస్సులు, మెనూ కార్డులు అన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. పదహారేళ్ల పిల్లాడు ఒంటరిగా వెళ్లి నీళ్ల బాటిల్ కొనుక్కురాగలడు, బస్సు నంబర్ అడగగలడు. కరెన్సీ యూరో. మనలాగే రోడ్డుకు ఎడమవైపు డ్రైవింగ్.

ఏప్రిల్‌లోనా.. మేలోనా?

మనకు చైత్ర, వైశాఖాలంటే ఎండలు మొదలైనట్టే. అక్కడ అదే సమయానికి అసలైన వసంతం. ఏప్రిల్‌లో పగటి ఉష్ణోగ్రత దాదాపు 20 డిగ్రీలు, మేలో 24 డిగ్రీల దాకా ఉంటుంది. కొండల మీద పచ్చగడ్డి, అడవి పూలు కనిపిస్తాయి. జూన్ దాటితే అవన్నీ ఎండిపోతాయి. జులై, ఆగస్టుల్లో ఉండే రద్దీ కూడా అప్పటికి ఉండదు.

అయితే ఒక్క విషయం పిల్లలకు ముందే చెప్పాలి. సముద్రం మాత్రం చల్లగా ఉంటుంది. ఏప్రిల్‌లో నీటి ఉష్ణోగ్రత 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే చివరికి 19, 20కి చేరుతుంది. గోవా, వైజాగ్ నీళ్లకు అలవాటైన వాళ్లకు ఇది వణుకే. రీల్స్‌లో చూసిన నీలం నీళ్లలో రోజంతా ఈదొచ్చని ఆశపెట్టి, అక్కడికి వెళ్లాక కాలు కూడా పెట్టలేకపోతే ట్రిప్ మూడ్ మొదటిరోజే పోతుంది. వసంతంలో మాల్టా అంటే నడవడానికి, చూడటానికి, పడవ ఎక్కడానికి బాగుండే దీవి. ఈతే ముఖ్యం అనుకుంటే మే చివరి వారం చూసుకోవడం మంచిది.

ఇక పరీక్షల క్యాలెండర్. స్టేట్ సిలబస్ స్కూళ్లకు ఏప్రిల్ చివరి నుంచి సెలవులు ఉంటాయి. సీబీఎస్ఈలో ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలవుతుంది కాబట్టి మే దాకా ఆగాలి. జేఈఈ మెయిన్ రెండో సెషన్ ఏప్రిల్‌లో, నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం, ఎంసెట్ బదులు వచ్చిన ఈఏపీసెట్ కూడా ఇదే సీజన్‌లో ఉంటాయి. ఇంట్లో ఇంటర్ సెకండియర్ వాళ్లుంటే ఆ ఏడాది డేట్లు అన్నీ కాగితం మీద రాసుకున్నాకే టికెట్ల మాట ఎత్తాలి. ఇంటర్ ఫస్టియర్ అయిపోయిన వేసవి చాలా ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది.

ఈస్టర్ వారంలో వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. గుడ్ ఫ్రైడే రోజు ప్రభుత్వ మ్యూజియాలు మూసేస్తారు. కానీ ఆ సాయంత్రం చాలా ఊళ్లలో పెద్ద ఊరేగింపులు జరుగుతాయి. అవి చూడదగ్గవే.

వీసా: పన్నెండేళ్లు దాటితే పెద్దవాళ్ల లెక్కే

మాల్టా 2007 నుంచి షెంజెన్ దేశం. కాబట్టి కావాల్సింది షెంజెన్ వీసా. 2024 జూన్ నుంచి దీని ఫీజు 90 యూరోలు. 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు. పన్నెండు నిండితే పూర్తి ఫీజే. అంటే ఇద్దరు టీనేజర్లున్న నలుగురి కుటుంబానికి ఫీజే 360 యూరోలు, వీసా సెంటర్ సర్వీస్ చార్జీ అదనం. వీసా రిజెక్ట్ అయినా ఈ డబ్బు వెనక్కి రాదు. పన్నెండు దాటిన పిల్లలు వేలిముద్రలు కూడా ఇవ్వాలి. కాబట్టి వాళ్లు కూడా వీసా సెంటర్‌కు రావాల్సిందే. ఆరోజు కాలేజీలో పరీక్ష లేకుండా చూసుకోవాలి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పట్టొచ్చు. వేసవి సెలవుల ముందు స్లాట్లు దొరకడం కష్టం. మేలో ప్రయాణమైతే సంక్రాంతి అయిన వెంటనే పేపర్లు మొదలుపెట్టడం సేఫ్.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఈ పాయింట్ల దగ్గరే..

పాస్‌పోర్టు: మైనర్లకు పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. పదేళ్లప్పుడు తీసుకున్నది పదిహేనుకల్లా అయిపోతుంది. యూరప్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు వ్యాలిడిటీ ఉండాలి. 15 ఏళ్లు దాటిన పిల్లలకు పదేళ్ల పాస్‌పోర్టు తీసుకునే అవకాశం ఉంది.

తల్లిదండ్రుల సంతకాలు: మైనర్ అప్లికేషన్‌కు ఇద్దరి అంగీకారం కావాలి. నాన్న గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, అమ్మ పిల్లల్ని తీసుకెళ్తుంటే ఆయన అంగీకార పత్రం ముందే తెప్పించుకోవాలి. ఆఖరి వారంలో కొరియర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే స్లాట్ పోతుంది.

ఏ దేశానికి అప్లై చేయాలి: ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటే ఆ దేశానికి. మాల్టాలో మూడు రోజులు, ఇటలీలో ఆరు రోజులు ఉంటే అప్లికేషన్ ఇటలీకి పెట్టాలి. స్లాట్ దొరికింది కదా అని వేరే దేశానికి పెడితే రిజెక్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఇన్సూరెన్స్: ఒక్కొక్కరికి కనీసం 30 వేల యూరోల మెడికల్ కవర్ తప్పనిసరి.

వీసా చేతికి రాకముందే డబ్బు వెనక్కి రాని టికెట్లు, హోటళ్లు కొనకపోవడమే మేలు. క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే బుక్ చేయాలి. టూర్ ప్యాకేజీ తీసుకుంటే దానిపై టీసీఎస్ కూడా కడతారు. ఆ రసీదు దాచుకుంటే ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఫ్లైట్‌లో ఈ జాగ్రత్త తప్పనిసరి

హైదరాబాద్ నుంచి మాల్టాకు నేరుగా ఫ్లైట్ లేదు. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ చెకింగ్ అక్కడే అయిపోతుంది, ఎందుకంటే షెంజెన్‌లోకి అడుగుపెట్టేది అక్కడే. 2025 అక్టోబరు నుంచి యూరప్ ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ అనే డిజిటల్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. దాంతో లైన్లు ఎక్కువసేపు పట్టొచ్చు. గంటంపావు కనెక్షన్ చవగ్గా వచ్చిందని కొంటే రెండో ఫ్లైట్ మిస్సయ్యే అవకాశం ఉంది. రెండున్నర, మూడు గంటల గ్యాప్ ఉంటే కంగారు ఉండదు. లండన్ మీదుగా వెళ్లాలనుకుంటే యూకే ట్రాన్సిట్ వీసా రూల్స్ విడిగా చూసుకోవాలి. షెంజెన్ వీసా ఉంటే చాలు అనుకోవద్దు.

ఎక్కడ దిగాలి?

హోటల్ రేటు చూసి సెయింట్ జూలియన్స్ వైపు బుక్ చేసేవాళ్లు ఒకసారి మ్యాప్ చూడాలి. పక్కనే ఉన్న పాచెవిల్ ఏరియా పబ్బులకు, క్లబ్బులకు ఫేమస్. రాత్రంతా గోల ఉంటుంది. మాల్టాలో మద్యం తాగడానికి చట్టబద్ధమైన వయసు 17. మన తల్లిదండ్రులు ఊహించని విషయం ఇది. పిల్లలతో ఈ మాట ఇంటి దగ్గరే మాట్లాడుకోవడం నయం.

రాజధాని వాలెట్టా, లేదంటే దాని ఎదురుగా ఉన్న స్లీమా ఫ్యామిలీలకు అనుకూలం. రెండింటి మధ్య ఫెర్రీలో పది నిమిషాల్లోపే దాటొచ్చు. బస్సులు దీవి అంతా తిరుగుతాయి. కారు అద్దెకు తీసుకుంటే పార్కింగే పెద్ద తలనొప్పి.

పిల్లలు ఫోన్ పక్కన పెట్టి చూసేవి ఏంటి?

చర్చి, కోట, మ్యూజియం అని లిస్టు చదివితే టీనేజర్లు ముఖం ముడుస్తారు. అదే ఆ చోటు వెనకున్న కథ చెబితే వింటారు.

మోస్టా చర్చి: రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్ 9న ఈ చర్చి గుమ్మటాన్ని చీల్చుకుని ఒక బాంబు లోపల పడింది. అప్పుడు లోపల వందల మంది ప్రార్థనలో ఉన్నారు. బాంబు పేలలేదు. అలాంటి బాంబు నమూనా ఇప్పటికీ అక్కడ చూడొచ్చు.

వాలెట్టా: రోజూ మధ్యాహ్నం 12 గంటలకు సెల్యూటింగ్ బ్యాటరీలో ఫిరంగి పేలుస్తారు. పదింటికి గానీ లేవని పిల్లలకు కరెక్ట్ టైమింగ్. దగ్గర్లోనే యుద్ధకాలంలో రాళ్ల కింద తవ్విన లాస్కారిస్ వార్ రూమ్స్ ఉన్నాయి.

ఇమ్దీనా: ఈ పాత కోట పట్టణం ద్వారం గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి సీజన్‌లో కనిపిస్తుంది. ఆ సిరీస్‌లోనే కనిపించిన గోజోలోని అజ్యూర్ విండో రాతి తోరణం మాత్రం 2017 మార్చిలో తుఫానుకు కూలిపోయింది. పాత ఫొటోలు చూసి అది ఇంకా ఉందనుకుని వెళ్లొద్దు.

గోజో: చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీలో 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలో తీసుకుంటారు. అక్కడి జిగంతియా రాతి గుడులు ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి.

హైపోజియం: నేల కింద రాతిలో తొలిచిన వేల ఏళ్లనాటి సమాధుల సముదాయం. లోపలి గాలి, తేమ చెడిపోకుండా రోజుకు దాదాపు 80 మందినే పంపిస్తారు. వీసా వచ్చిన రోజే టికెట్ చూసుకోవాలి, అక్కడికెళ్లి కొందామంటే దొరకడం కష్టం.

బ్లూ లగూన్: కొమినోలోని ఈ నీలి నీళ్ల చోటుకు 2025 నుంచి ముందస్తు స్లాట్ బుకింగ్ పెట్టారు. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. అందుకే సముద్రం పనిని ఆఖరి రోజుకు పెట్టుకోకుండా వారం మధ్యలో పెట్టుకుంటే, క్యాన్సిలైనా ఇంకో రోజు చేతిలో ఉంటుంది. స్కూబా డైవింగ్ చేస్తే తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు. అది కూడా లెక్కేసుకోవాలి.

తిండి సంగతేంటి?

పిజ్జా, పాస్తా అన్నిచోట్లా దొరుకుతాయి. జున్నులాంటి రికోటా గానీ, బఠాణీ ముద్ద గానీ పెట్టి చేసే పస్తిత్సీ మన కర్రీ పఫ్‌లా ఉంటుంది, చవక కూడా. శాకాహారులకు ఇదే పెద్ద దిక్కు. కుందేలు మాంసం అక్కడి స్పెషల్ వంటకం. వద్దనుకునేవాళ్లు ఆర్డర్ ఇచ్చేముందు అడగాలి. ఇండియన్ రెస్టారెంట్లు కూడా ఉన్నాయి. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే రాత్రికి అన్నం, పచ్చడితో సరిపెట్టుకోవచ్చు. మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్ అడాప్టర్ మాత్రం బ్యాగులో ఉండాలి. లేకపోతే మొదటి రాత్రే నాలుగు ఫోన్లు, ఒక్క చార్జర్ గొడవ.

ప్లాన్‌లో పిల్లల వాటా ఎంత?

వారం ట్రిప్‌లో నలుగురికీ తలా ఒక రోజు ఇవ్వడం ఒక మంచి పద్ధతి. ఆ రోజు ఎక్కడికి వెళ్లాలి, ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ తినాలి అన్నీ వాళ్లే చూడాలి. ఖర్చుకు ఒక లిమిట్ పెట్టి డబ్బు వాళ్ల చేతికే ఇవ్వాలి. దారి తప్పినా, బస్సు మిస్సయినా పెద్దవాళ్లు సణగకూడదు. మిగిలిన మూడు రోజుల్లో ఒకటి ఖాళీగా వదిలేయాలి. ఆరోజు అమ్మానాన్న ఒకవైపు, పిల్లలు ఒకవైపు తిరిగి రాత్రి భోజనానికి కలిసినా పర్లేదు. ఊరు చిన్నది, ఫోన్‌లో లొకేషన్ షేర్ చేసుకుంటే చాలు. ఎమర్జెన్సీ నంబర్ 112 అందరి ఫోన్లలో సేవ్ చేసి ఉండాలి.

ఇందులో పిల్లలకు దొరికేది రోజు ప్లాన్ ఒక్కటే కాదు. వచ్చే ఏడాది తెలియని ఊళ్లో హాస్టల్‌లో ఉండాల్సిన అమ్మాయి, ఇక్కడ అమ్మానాన్న పక్కనుండగానే నలుగురినీ ఒక ఊరు తిప్పి తీసుకొస్తుంది. తల్లిదండ్రులకు కూడా తను ఎంత పెద్దదైందో అర్థమవుతుంది.

మొదలుపెట్టాల్సింది మాత్రం చిన్న పనితోనే. ఈ రాత్రి బీరువా తీసి నాలుగు పాస్‌పోర్టుల ఎక్స్‌పైరీ డేట్లు చూడాలి. ఆ తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి "నీ రోజు ఏం చేద్దాం?" అని అడగాలి. టికెట్ల వెబ్‌సైట్ ఓపెన్ చేయడం ఆ తర్వాతే.