పార పట్టిన ఇంజనీరు

1916 లో వెర్డన్ వద్ద జరిగిన ఘోరయుద్ధములో ఫ్రాన్సుదేశపు పల్లెలు పెక్కులు నేలమట్టమైనవి. వానిలో ఎన్ అను పల్లె యొకటి. పియేర్ సెరెసోల్ అను స్విస్ ఇంజనీరు 1920 లో కొలదిమంది మిత్రులతో అచ్చటికి పోయి ఇండ్లు కట్టుటకు పూనుకొనెను. ఆ మిత్రులలో జర్మనులును ఉండిరి! నిన్నటి శత్రువులు నేడు పారలు పట్టి గుంతలు పూడ్చుట కొందరికి సరిపడలేదు. వారి గాయములు పచ్చిగానే యున్నవి కదా! కొన్నినెలలకే పని అర్ధాంతరముగా నిలిచిపోయెను. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అను సేవాసంస్థకు మాత్రము అదియే అంకురము.

1934 జనవరి 15 న బీహారులో పెనుభూకంపము సంభవించెను. వేలకొలది జనులు మరణించిరి. నేల బీటలువారి, లోపలి ఇసుకయు నీరును పైకెగజిమ్మి పొలములను కప్పివేసినవి. భూమి మట్టము మారుటచే పల్లపు గ్రామములకు వరదభయము హెచ్చెను. కూలిన ఇండ్లను ఉన్నచోటనే తిరిగి కట్టి లాభము లేదు. ఊళ్ళనే మెరకకు తరలింపవలసి వచ్చెను.

సెరెసోల్ బీహారునకు వచ్చి, సహాయకార్యమును నడుపుచుండిన రాజేంద్రప్రసాదుతో ఆలోచించి, ముజఫర్‌పూరు జిల్లాలో పనికి దిగెను. తోడువచ్చిన యూరపువారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. అంతటి నష్టమునకు వారి చేతిపని ఏపాటి? కూలీలు బీహారులో దొరకరా? ప్రశ్న న్యాయమైనదే. అయితే నాడు దేశము ఆంగ్లేయుల యేలుబడిలో నున్నది. తెల్లవాడనగా దొర, దొర యనగా ఆజ్ఞాపించువాడు. అట్టి దొర, ఏబదియేండ్లు దాటినవాడు, మండుటెండలో రైతుల సరసన మట్టిపని చేయుట ఎన్నడును కనివిని యెరుగని సంగతి.

1937 వరకు ఆ పని సాగెను. క్రొత్తగా వెలసిన ఊళ్ళలో ఒకదానికి శాంతిపురమని పేరిడిరి.