ఇంట్లో మిగిలిన గోలీలు

గౌలిపుర కానీ, మరో బస్తీ కానీ, చాలా ఇళ్లలో ఒక మందుల డబ్బా ఉంటుంది. అందులో సగం వాడిన గోలీలు ఉంటాయి. పారేస్తే పైసలు దండుగ అని దాచిపెడతాం. పక్కింటామె వచ్చి, "అక్కా, నాకూ నడుం నొప్పి. ఒక గోలీ ఇయ్యరాదే" అంటుంది. మనం ఇచ్చేస్తాం.

ఇది మేలు కాదు, కీడు. మీకు పడిన మందు ఆమెకు పడకపోవచ్చు. ఆమె గర్భిణి కావచ్చు. కిడ్నీ జబ్బు ఉండొచ్చు. నిద్రగోలీలు అలవాటైతే మానడం కష్టం.

పిల్లలు గోలీలను చాక్లెట్లనుకుని మింగితే ప్రాణానికే ముప్పు. అలా జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ గోలీల అట్టను దవాఖానకు తీసుకుపోండి.

కొన్ని అట్టల మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు వాడొద్దని దాని అర్థం. ఈ గీత గురించి 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం చేసింది.

అట్ట మీద ఈ, ఎక్స్, పీ అనే ఇంగ్లీషు అక్షరాలు వెతకండి. పక్కనే నెల, ఏడాది ఉంటాయి. అవి దాటిపోతే ఆ మందు పనికిరాదు.

మరి పారేసేదెలా? మోరీలో వేయకండి. పాతబస్తీ మురుగునీళ్లు మూసీకే పోతాయి. గోలీలను అట్టలోంచి తీయండి. మట్టిలోనో, వాడిన చాయ్‌పత్తిలోనో కలపండి. కవర్లో గట్టిగా మూటకట్టండి. చెత్త ఆటోవాళ్లకు చెప్పి, విడిగా ఇవ్వండి.

ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఇవాళే ఆ డబ్బా కిందికి దించండి. తేదీలు మీరే చూడండి.