ఒరిగిన గోడ

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు సమీపాన ఉన్న మోండా మార్కెట్టులో తెల్లవారకముందే పని మొదలవుతుంది. కూరగాయల బస్తాలు దిగుతాయి, మాంసం దుకాణాలు తెరుచుకుంటాయి, వంటపాత్రలు, ప్లాస్టిక్ సామాను, పూజాసామగ్రి అమ్మే కొట్లు ఒకదాని వెంట ఒకటి షట్టర్లు ఎత్తుతాయి. ఇలాంటి బజారుతో మన కుటుంబాలకు ఉన్న సంబంధం కేవలం కొనుగోలుదారుల సంబంధం కాదు. మనలో కొందరు దుకాణదారులు, మరికొందరు గుమాస్తాలు, హమాలీలు, బండ్లు తోలేవారు. ఉదయం ఇంటి నుంచి సలాం చెప్పి వెళ్లిన మనిషి సాయంత్రానికి సంపాదనతో తిరిగిరావాలని ప్రతి ఇల్లూ కోరుకుంటుంది. ఆ సంపాదన హలాలుదా కాదా అని మనం విచారిస్తాం. ఆ మనిషి పనిచేసే చోటు క్షేమమైనదా కాదా అని విచారించే అలవాటు మాత్రం మనలో తక్కువ.

ఈ విచారణ ఎంత అవసరమో మోండాకు మూడు కిలోమీటర్ల లోపునే, ఏడాది వ్యవధిలో జరిగిన మూడు దుర్ఘటనలు తెలియజేస్తున్నాయి. 2022 మార్చి 23 వేకువజామున బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు చెలరేగాయి. పై అంతస్తులో నిద్రిస్తున్న 12 మంది బీహారు కూలీలలో 11 మంది మరణించారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి నడుస్తున్న భవనంలో మంటలు లేచి 8 మంది ప్రాణాలు కోల్పోయారు. 2023 మార్చి 16 సాయంత్రం స్వప్నలోక్ కాంప్లెక్సులో 6 గురు చనిపోయారు. వారిలో నలుగురు యువతులు, ఇద్దరు యువకులు. పొట్టకూటి కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చిన పిల్లలు, పనిచేసే చోటనే పొగలో ఊపిరాడక రాలిపోయారు. కారణాలు వేరైనా మూడు చోట్లా ఒక విషయం సమానం: మృతులకు బయటపడే దారి దొరకలేదు.

ఇలాంటి వార్త విన్నప్పుడు మన నోట అలవాటుగా వచ్చే మాట ‘తఖ్దీర్’. దైవనిర్ణయం పట్ల విశ్వాసం మన ఈమాన్‌లో భాగమే. అయితే ఆ మాటను బాధ్యత నుంచి తప్పించుకునే తెరగా వాడుకోవడానికి మన ఫిఖహ్ ఎన్నడూ అనుమతించలేదు.

మదరసాలలో బోధించే ‘హిదాయా’ గ్రంథాన్ని రచించిన ఇమామ్ మర్గీనానీ (రహ్మ) హిజ్రీ 593లో, అంటే 1197లో పరమపదించారు. అందులో బాటకేసి ఒరిగిన గోడను గురించిన చర్చ ఒకటి ఉంది. ఒకని గోడ ప్రజలు నడిచే దారివైపు ఒరిగింది. దానిని తొలగించమని అతనికి చెప్పారు, అలా చెప్పినట్లు సాక్ష్యమూ ఉంది. తొలగించడానికి చాలినంత సమయమూ అతనికి దొరికింది. అయినా ఊరకున్నాడు. ఆ గోడ కూలి ఎవరికైనా ప్రాణనష్టమో ఆస్తినష్టమో కలిగితే పరిహార బాధ్యత ఏర్పడుతుంది. ‘గోడ దానంతట అదే పడింది, నేను తోయలేదు’ అన్న వాదన చెల్లదు. ఇందులో గమనించవలసిన మరో అంశం ఉంది. ఆ హెచ్చరిక చేసే హక్కు ముస్లింకు ఎంత ఉందో ఆ పాలనలో నివసించే ముస్లిమేతరునికీ అంతే ఉంది. ఎందుకంటే దారి మీద నడిచే హక్కు అందరిదీ.

బోయిగూడ తర్వాత, స్వప్నలోక్ తర్వాత, మెట్లకు అడ్డంగా అట్టపెట్టెలు పేర్చుకున్న ప్రతి దుకాణమూ ఒరిగిన గోడయే. హెచ్చరిక అందింది. సాక్షిగా నగరమంతా ఉంది. గడువూ దొరికింది.

బజారుకు కావలివాడు

ముస్లిం నగరాలలో పూర్వం బజారును పర్యవేక్షించడానికి ‘ముహ్తసిబ్’ అనే అధికారి ఉండేవాడు. తూనికలు, కొలతలు చూడటమే అతని పని అని చాలామంది అనుకుంటారు. 1058లో మరణించిన ఇమామ్ మావర్దీ (రహ్మ) రచన ‘అల్ అహ్కాముస్సుల్తానియ్యా’ ప్రకారం, మోయగలిగినదానికన్నా ఎక్కువ సరుకు నింపి మునిగే ప్రమాదమున్న నౌకను ఆపడం, పెనుగాలిలో ప్రయాణాన్ని నిలుపుచేయడం కూడా అతని విధులే. 12వ శతాబ్దంలో షైజరీ రచించిన ‘నిహాయతుర్రుత్బా’ మరింత సూక్ష్మానికి పోతుంది. రొట్టెలు కాల్చే కొట్ల పైకప్పు ఎత్తుగా ఉండాలనీ, పొగ పోవడానికి విశాలమైన గవాక్షాలు ఉండాలనీ చెబుతుంది. అంటే గాలి, పొగ, బరువు, దారి అనే నాలుగు విషయాలూ ఆనాడే బజారు ధర్మంలో భాగాలుగా లెక్కకు వచ్చాయి.

ఈనాడు ఆ పని కార్మిక శాఖది, అగ్నిమాపక శాఖది, నగరపాలక సంస్థది. అయితే చట్టం చెయ్యి ఎంతవరకు చాస్తుందో తెలుసుకోవాలి. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యాలను గురించి 2020లో ఆమోదం పొంది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కేంద్ర స్మృతి, సాధారణంగా 10 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. మోండా వంటి బజారులో ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో నడిచే కొట్లే ఎక్కువ. అక్కడికి ఏ తనిఖీదారూ రాకపోవచ్చు. అక్కడ తనిఖీ చేయవలసినది యజమాని అంతఃకరణమే. పనివాని శ్రమను జీతంతో కొంటాం గానీ అతని ప్రాణాన్ని కొనం. అది మన వద్ద ఉంచిన అమానతు.

ఏది ముందు, ఏది తర్వాత

భద్రతాశాస్త్రంలో ఒక వరుస ఉంది. మొదట ప్రమాదాన్ని పూర్తిగా తొలగించాలి. వీలుకాకపోతే ప్రమాదం తక్కువగా ఉన్న వస్తువును దాని స్థానంలో పెట్టాలి. అదీ కుదరకపోతే మనిషికీ ప్రమాదానికీ మధ్య అడ్డు కల్పించాలి. ఆ తర్వాత పనికి పద్ధతి ఏర్పరచాలి. చేతితొడుగులు, ముఖానికి గుడ్డ వంటివి చిట్టచివర వస్తాయి. మనం తరచుగా ఈ వరుసను తలకిందులు చేసి, తొడుగు ఇచ్చి చేతులు దులుపుకొంటాం.

బజారులోని నిత్యవిషయాలకు దీనిని అన్వయించి చూద్దాం.

రాత్రి కాపలాకని కుర్రవాణ్ణి కొట్లో పడుకోబెట్టి బయట తాళం వేయడం అన్నింటికన్నా ఘోరమైన అలవాటు. దీనికి మందు ఒక్కటే: మానివేయడం. ఎవరైనా లోపల ఉండక తప్పదంటే లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఉండి తీరాలి. మంట కన్నా ముందు పొగ వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. అది రక్తంలో చేరి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది, లేచి పరుగెత్తుదామనుకునేసరికే కాళ్లు సహకరించవు. మెట్ల దారి పొగగొట్టంలా మారి పై అంతస్తులకు ఆ విషాన్ని చేరవేస్తుంది. మూసిన గదిలో జనరేటరు నడిపినా, బొగ్గుల కుంపటి వెలిగించినా మంట లేకుండానే ఇదే ముప్పు వస్తుంది.

హమాలీ బరువు రెండవ విషయం. పెద్దవాడైన పురుషుడు చేత్తో మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలు దాటరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. పెద్ద బస్తాను రెండు చిన్న బస్తాలుగా కట్టించడం, తోపుడుబండి సమకూర్చడం, నేల మీది కుళ్లిన ఆకులనూ తడినీ ఎప్పటికప్పుడు తుడిపించడం వ్యాపారికి పెద్ద భారం కాదు. నడుము విరిగిన హమాలీ ఇంటికి మాత్రం అది జీవితకాలపు భారం.

పండ్లను మాగబెట్టడానికి కాల్షియం కార్బైడు వాడటం మన దేశంలో నిషిద్ధం. తడి తగిలితే దాని నుంచి వెలువడే ఎసిటిలిన్ మండే వాయువు. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడా అందులో ఉంటాయి. తినేవారికన్నా ముందు దానిని చేత్తో పట్టుకునే పనివాడు నష్టపోతాడు.

రోజంతా కూర్చుని అమ్ముకునే స్త్రీల సంగతి ఎవరూ మాట్లాడరు. దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే వారు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. మే నెల ఎండలో అది వడదెబ్బకూ మూత్రవ్యాధులకూ దారితీస్తుంది. మరుగుదొడ్డి, తాగునీరు, నీడ కూడా భద్రతా సాధనాలే.

చెత్త కూడా సంపదే

బజారు చెత్త కుళ్లితే ఈగలు, ఎలుకలు, దుర్గంధం. తగలబెడితే పొగ. ఈ రెంటికీ భిన్నమైన మార్గం మనకు సమీపంలోనే ఉంది. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి జీవవాయువు, విద్యుత్తు తీస్తున్నారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో నెలకొల్పిన ఆ కర్మాగారం రోజుకు 500 యూనిట్ల వరకు విద్యుత్తు ఇస్తుంది. అయితే దీని మొదటి మెట్టు దుకాణంలోనే ఉంది: తడి చెత్తను, పొడి చెత్తను అక్కడే వేరుచేయాలి. ప్లాస్టిక్ సంచులు కలిసిన ఆకుల నుంచి ఏ యంత్రమూ మేలు తీయలేదు.

ఇంటి నుంచి అడగవలసిన ప్రశ్నలు

ఈ బాధ్యతలో కుటుంబానికీ వాటా ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలను ఇతరుల దుకాణాల్లో పనికి పెట్టడం చట్టవిరుద్ధం. 18 ఏళ్లలోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడమూ నిషిద్ధమే. కుటుంబ అవసరం ఎంతటిదైనా చదువుకోవలసిన పిల్లవాణ్ణి గోదాములో నిద్రపుచ్చే ఏర్పాటుకు తల్లిదండ్రులు సమ్మతించరాదు.

మన ఇంటివాడు యజమాని అయితే ఇల్లాలు, పిల్లలు అతణ్ణి అడగాలి: మెట్ల దారి ఖాళీగా ఉందా? రాత్రి షట్టరు దించాక లోపల ఎవరైనా ఉంటున్నారా? మంటలార్పే సిలిండరు ముల్లు ఆకుపచ్చ గీతలోనే ఉందా? దాన్ని వాడటం పనివాడికి తెలుసా? పనివాడైతే అడగవలసినవి వేరు: బయటికి వెళ్లే రెండో దారి ఎటు? మధ్యాహ్నం నీళ్లు, విశ్రాంతి దొరుకుతున్నాయా? దెబ్బ తగిలితే ఎవరు ఆసుపత్రికి తీసుకువెళతారు? అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 అన్న అంకెలు ఇంట్లో చిన్నపిల్లలకు కూడా కంఠస్థం కావాలి.

మసీదు కమిటీలు, వర్తక సంఘాలు కలిసి నెలకు ఒక్క సాయంత్రం కేటాయిస్తే ఒక వీధిలోని దుకాణాలన్నింటినీ చూసి రావచ్చు. పొరుగు దుకాణదారు హిందువైనా, సిక్కైనా, క్రైస్తవుడైనా ఆ నడకలో అతనూ ఉండాలి. అతని గోడ మన మీదికి, మన గోడ అతని మీదికి ఒరగవచ్చు. ముందుగా చూసినవాడు చెప్పాలి, విన్నవాడు ఆ రోజే తొలగించాలి. చెప్పాక కూడా కదలని యజమానికి ‘తఖ్దీర్’ అనే హక్కు లేదు.